పోకెమాన్ కార్డుల ఆట మొదటి నుంచి: ప్యాకెట్లు కొనకముందే ఇది చదవండి

విశాఖలో మా ఎంవీపీ కాలనీ అపార్ట్‌మెంట్ లిఫ్టులో ఎవరు ఎదురైనా ఒకటే మాట: "మా వాడు పోకెమాన్ కార్డులు కొనమని ప్రాణం తీసేస్తున్నాడండీ. ఏవి కొనాలి? అసలెలా ఆడతారు?" ఒక్కొక్కరికీ చెప్పి చెప్పి నోరు నొప్పెట్టి, ఇలా రాసి పెడుతున్నాను. నేనేమీ పెద్ద ఆటగత్తెను కాను. ఏడాది కిందట నాకు ఓనమాలు కూడా తెలీవు. మా అబ్బాయిని ఎదురుగా కూర్చోబెట్టుకుని, చేయాల్సిన తప్పులన్నీ వరసగా చేసి నేర్చుకున్నాను. అందుకే ఇందులో నియమాలతో సమానంగా తప్పులు కూడా ఉంటాయి.

ముందు ఒక సంగతి తేల్చుకోండి. కార్డులు పోగేయడం వేరు, ఆడటం వేరు. ఆట నేర్చుకోవాలంటే సీలు వేసిన బూస్టర్ ప్యాకెట్లు ఆఖర్న కొనాలి, మొదట్లో కాదు. ప్యాకెట్‌కి 10 కార్డులు, ఏవొస్తాయో తెలీదు. ఇరవై ప్యాకెట్లు చించినా ఒక్క డెక్ (ఒకరు ఆడటానికి కావలసిన 60 కార్డుల కట్ట) తయారు కాదు: పిల్ల పోకెమాన్ (పోకెమాన్ అంటే కార్డు మీదుండే బొమ్మ జీవి) ఒక దాంట్లో వస్తుంది, అది ఎదిగిన రూపం మరో దాంట్లో వస్తుంది, మధ్య రూపం అసలే రాదు. చిన్నప్పుడు మనం ఆడిన క్రికెట్ ట్రంప్ కార్డుల్లా ఎవరి చేతిలో పెద్ద అంకె ఉంటే వాళ్లు గెలిచే ఆట కాదిది.

కావలసినవి

- ఆటకు సిద్ధంగా ఉన్న డెక్‌లు రెండు. బ్యాటిల్ అకాడమీ అనే పెట్టె దొరికితే అదొక్కటి చాలు. అందులో 60 కార్డుల డెక్‌లు మూడు, ఆడే బోర్డు, మొదటి ఆటను చెయ్యి పట్టుకుని నడిపించే పుస్తకం ఉంటాయి. లేదంటే ఒకే స్థాయి ఈఎక్స్ బ్యాటిల్ డెక్‌లు రెండు తీసుకోండి. ఒకరికి అదీ, ఇంకొకరికి లీగ్ బ్యాటిల్ డెక్కూ కొనకండి. లీగ్ డెక్ బాగా బలమైంది, అవతలి పిల్లాడు మూడో ఆటకే ఏడుస్తూ లేచిపోతాడు.
- చింతపిక్కలు ఓ గుప్పెడు. ఒక్కో పిక్కకి 10 డ్యామేజ్ (తగిలిన దెబ్బ) అని లెక్క. పెట్టెలో అట్టముక్కలు ఇస్తారు గానీ ఫ్యాన్ వేస్తే అవి మంచం కిందే. పాచికలున్నా సరే.
- బొమ్మా బొరుసూ వేయడానికి ఓ రూపాయి బిళ్ళ.
- స్లీవ్‌లు, అంటే కార్డులకు ప్లాస్టిక్ తొడుగులు. ఈ కార్డు కొలత 63×88 మిల్లీమీటర్లు, కాబట్టి 66×91 అని రాసున్నవి అడగండి. యుగియో అనే మరో ఆట కార్డులకు వాడే చిన్న సైజు స్లీవ్‌లో ఈ కార్డు పట్టదు. నేను వంద కొన్నాక తెలిసింది.
- బల్ల మీద పరవడానికి మందపాటి తువ్వాలు. దాని మీదైతే కార్డును గోటితో గీరకుండానే తీయొచ్చు.
- ఓ చిన్న నోటుబుక్కు.

పైసా ఖర్చు లేకుండా ఇష్టం ఉందో లేదో చూసుకోవాలా? దానికో దారుంది. ఏదైనా డెక్‌లోని కార్డుల ప్రింటు తీసి, కత్తిరించి, వెనక ఓ పాత పేక ముక్క పెట్టి స్లీవ్‌లో దూర్చండి. ఇంట్లో సాధనకు దివ్యంగా పనికొస్తాయి. పోటీల్లో మాత్రం ఒప్పుకోరు, ఎవరికీ అమ్మనూ కూడదు.

ఫోన్‌లో నేర్చుకుంటామంటే పోకెమాన్ టీసీజీ లైవ్ అనే ఉచిత యాప్ ఉంది. 60 కార్డుల అసలు ఆట అదే. పోకెమాన్ టీసీజీ పాకెట్ అనేది వేరు. అందులో డెక్‌కి 20 కార్డులే, బెంచ్ (వెనక వరస) మీద ముగ్గురే, ఎనర్జీ కార్డులు (దాడికి ఇంధనం లాంటివి) డెక్‌లోనే ఉండవు, 3 పాయింట్లతో ఆట అయిపోతుంది. పాకెట్ ఆడి వచ్చిన పిల్లలు బల్ల దగ్గర "ఎనర్జీ దానంతటదే రాదా ఆంటీ?" అని అడుగుతారు. రాదు నాన్నా.

నకిలీ పట్టుకోవడం

మొదటిసారి నేను జగదాంబ వైపు ఒక దుకాణంలో బంగారు రంగు డబ్బా కొన్నాను. 55 కార్డులు, అన్నీ ప్లాస్టిక్, ధగధగా మెరుస్తున్నాయి. ఇంటికొచ్చి విప్పితే ఒక్కటంటే ఒక్క ఎనర్జీ కార్డు లేదు. ఎనర్జీ లేకుండా దాడి చేయలేం, కాబట్టి వాటితో ఆటే లేదు. అసలు కంపెనీ కూడా బంగారు అంచు కార్డులు వేస్తుంది గానీ, మామూలు ప్యాకెట్లలో వచ్చేవి కాగితం అట్టవే. డబ్బా నిండా బంగారమే ఉందంటే ఇంకేం చూడక్కర్లేదు.

మిగతా వాటికి ఇలా చూడండి. పక్కన నిజమైనదని తెలిసిన కార్డు ఒకటి ఉండాలి, లేకపోతే ఏ పరీక్షా నిలవదు.

- రెండూ బోర్లించి పక్కపక్కన పెట్టండి. నకిలీ వెనక నీలం పాలిపోయి గానీ, ఊదాకు తిరిగి గానీ ఉంటుంది.
- చీకటి గదిలో వెనక నుంచి ఫోన్ టార్చి వేయండి. అసలు కార్డు రెండు తెల్ల పొరల మధ్య నల్లటి పొరతో ఉంటుంది, వెలుతురు పెద్దగా దాటదు. చాలా నకిలీలు లాంతరులా వెలుగుతాయి.
- పోకెమాన్ అనే ఇంగ్లిష్ మాటలో 'ఈ' అక్షరం నెత్తి మీద చిన్న గీత ఉంటుంది. నకిలీల్లో అది తరచూ ఎగిరిపోతుంది. అక్షరదోషాలు, వేలల్లో హెచ్‌పీ (ఎంత దెబ్బ తట్టుకోగలదో చెప్పే అంకె) కనిపిస్తే సరే సరి.
- కార్డంతా బొమ్మ పరుచుకున్న ఖరీదైన వాటిలో వేలితో తడిమితే సన్నటి గరుకు తగులుతుంది. ఇది మెరిసే ప్రతి కార్డుకీ ఉండదు, కాబట్టి దీన్నొక్కదాన్నే నమ్ముకుని ఎవర్నీ దొంగ అనకండి.

1. కార్డుల్ని మూడు కుప్పలు చేయండి

పోకెమాన్, ఎనర్జీ, ట్రైనర్. ఈ మూడే. పోకెమాన్ కార్డు పైన ఎడమ మూల 'బేసిక్' అని ఉంటే నేరుగా ఆటలోకి దించొచ్చు. 'స్టేజ్ 1', 'స్టేజ్ 2' అనేవి కింది రూపం మీదే పెట్టాలి. ట్రైనర్లంటే సాయపడే కార్డులు. వాటిలో 'ఐటమ్'లు వంతుకి ఎన్నైనా వాడొచ్చు, 'సపోర్టర్' ఒక్కటే, 'స్టేడియం' ఒక్కటే. మొదటి రోజుకు ఇంతకంటే వద్దు. ప్రతి కార్డూ చదవాలని కూర్చుంటే రాత్రి భోజనాల వేళవుతుంది.

2. పరవండి, 47 లెక్కపెట్టండి

డెక్ బాగా కలపండి. మా మావయ్యగారు మొదటి రోజు తొంగిచూసి "ఏటమ్మా, పిల్లాడి చేత పేకాట ఆడిస్తన్నావేటి?" అన్నారు. రెండో రోజు మేం కలిపే తీరు చూడలేక కట్ట తన చేతిలోకి తీసుకున్నారు. ఎదుటివాళ్ల చేత కోయించడం ఇక్కడ కూడా మర్యాదే.

బిళ్ళ ఎగరేసి నెగ్గినవారు ముందు ఆడతారో తర్వాత ఆడతారో ఎంచుకోవాలి. ఏడు కార్డులు తీయండి. వాటిలో బేసిక్ పోకెమాన్ ఒకటి బోర్లించి ముందు పెట్టండి, అది 'యాక్టివ్'. ఇంకా బేసిక్‌లుంటే దాని వెనక బెంచ్ మీద, ఐదుకు మించకుండా పెట్టొచ్చు. తర్వాత డెక్ పై నుంచి ఆరు కార్డులు చూడకుండా పక్కన పేర్చండి, అవి 'ప్రైజ్'లు. ఇద్దరూ సిద్ధమయ్యాక తిప్పండి.

చేతిలో బేసిక్ ఒక్కటీ లేకపోతే? చెయ్యి చూపించి, డెక్‌లో కలిపేసి, మళ్ళీ ఏడు తీయాలి. ఇలా జరిగిన ప్రతిసారికీ ఎదుటివారు కావాలంటే ఒక కార్డు ఎక్కువ తీసుకోవచ్చు. ప్రైజ్‌లు ముందే పేర్చేసి తర్వాత బేసిక్ లేదని చూసుకోవడం అందరూ చేసే తప్పు. ప్రైజ్‌లు ఆఖర్న.

సరిచూసుకోండి: 7, 6 పోను డెక్‌లో 47 ఉండాలి. లేకపోతే ఎవరో ఒక కార్డు మీద కూర్చుని ఉన్నారు. (మా ఇంట్లో నిజంగానే.)

3. మొదటి వంతు అడ్డంకులు గుర్తుంచుకోండి

ముందు ఆడేవారు తమ మొదటి వంతులో దాడి చేయకూడదు, సపోర్టర్ వాడకూడదు. రెండోవారు రెండూ చేయొచ్చు. తమ తమ మొదటి వంతులో ఇద్దరూ పోకెమాన్‌ను ఎదిగించకూడదు. ఆ తర్వాత కూడా, ఈ వంతులోనే దించిన పోకెమాన్‌ను ఈ వంతులోనే ఎదిగించడం కుదరదు.

4. వంతు వరసను చీటీ మీద రాసుకోండి

చీటీ ఇదీ:

కార్డు తీయి → బేసిక్‌లు దించు, ఎదిగించు, ఐటమ్‌లు వాడు (ఎన్నైనా) → ఎనర్జీ ఒకటి తగిలించు → సపోర్టర్ ఒకటి → కావాలంటే ఒకసారి వెనక్కి తగ్గు (యాక్టివ్‌ను బెంచ్ మీది దాంతో మార్చు) → దాడి → వంతు అయిపోయింది.

మధ్యలోవి ఏ వరసలో చేసినా ఫర్వాలేదు. మొదట కార్డు, ఆఖర్న దాడి, ఈ రెండూ కదలవు. దాడి చేశాక "అయ్యో, ఎనర్జీ పెట్టడం మర్చిపోయా" అంటే ఆ ఎనర్జీ వచ్చే వంతుకే. మొదటి మూడు ఆటల్లో పిల్లలకు వెసులుబాటు ఇవ్వండి, నాలుగో ఆట నుంచి ఇవ్వకండి.

ఇక్కడ కాసేపు ఆగాలి, ఎందుకంటే మనవాళ్లందరికీ తట్టే రాయి ఇదే. ప్రొఫెసర్స్ రీసెర్చ్ అనే సపోర్టర్ ఉంది. చేతిలో ఉన్నవన్నీ పారేసి కొత్తగా ఏడు తీసుకోమంటుంది. పారేయడానికి మనసొప్పదు. రమ్మీలో ఒకటి తీసి ఒకటి వేయడం అలవాటైన మావయ్యగారైతే "మంచి ముక్కలుంచుకుని ఎవరైనా విసిరేస్తారా?" అని వాదించారు. అల్ట్రా బాల్ కూడా అంతే, రెండు కార్డులు పారేస్తే గానీ డెక్‌లోంచి కావలసిన పోకెమాన్‌ను వెతుక్కోనివ్వదు. నేను నెలరోజులు ఈ కార్డుల్ని "తర్వాత వాడదాం" అని చేతిలో దాచుకుని ఓడిపోయాను. చేతిలో ఈ వంతులో పనికొచ్చేది లేనప్పుడు దాచుకున్నది సంపద కాదు, అటక మీది పాత సామాను. ముందు దించగలిగినవి దించేయండి, తగిలించగలిగిన ఎనర్జీ తగిలించేయండి, మిగిలింది పారేసి ఏడు తీయండి. ఆ వరస తిరగబడితే మాత్రం నష్టమే: ఏడు తీశాక గుర్తొస్తుంది, పారేసిన వాటిలో బెంచ్ మీద పెట్టాల్సిన బేసిక్ ఉందని.

5. దాడి లెక్క

దాడి పక్కన ఉన్న గుర్తులన్నిటికీ సరిపడా ఎనర్జీ ఆ పోకెమాన్‌కు తగిలించి ఉండాలి. తెల్ల నక్షత్రం గుర్తుంటే ఏ రంగైనా సరిపోతుంది.

లెక్క ఇలా: దాడి 70 అనుకోండి. ఎదుటి కార్డు కింద 'వీక్‌నెస్' దగ్గర మీ రకం గుర్తు, ×2 ఉంటే 140. అదే గుర్తు 'రెసిస్టెన్స్' దగ్గర −30తో ఉంటే 40. అంతే, 14 పిక్కలో 4 పిక్కలో పెట్టండి. బెంచ్ మీద ఉన్నవాటిని కొడితే ఈ రెండూ వర్తించవు.

తప్పులు ఎక్కువ దొర్లేది ఇక్కడే:

- దాడి చేశాక ఎనర్జీని తీసి పారేయడం. కార్డు మీద ప్రత్యేకంగా రాస్తే తప్ప తీయక్కర్లేదు, అది అలాగే ఉంటుంది. పోయేది వెనక్కి తగ్గినప్పుడు. కార్డు అడుగున 'రిట్రీట్' దగ్గర ఎన్ని గుర్తులుంటే అన్ని ఎనర్జీలు పారేయాలి.
- ఎదిగించగానే పిక్కలు తీసేయడం. దెబ్బలు అలాగే ఉంటాయి. నిద్ర, విషం లాంటివి మాత్రం పోతాయి.
- వంతు అయిపోగానే దెబ్బలు మానిపోయాయనుకోవడం. మానవు.
- పిక్కల లెక్క నోటితో చెప్పకపోవడం. "నూట ముప్పైలో తొంభై పోయింది, నలభై ఉంది" అని పైకి అనండి. సగం గొడవలు అక్కడే తీరిపోతాయి.

6. నాకౌట్ అయితే

హెచ్‌పీకి సమానంగా గానీ మించి గానీ డ్యామేజ్ పడితే ఆ పోకెమాన్, దానికి తగిలించినవన్నీ పారేసిన కుప్పలోకి వెళతాయి. పడగొట్టినవారు ఒక ప్రైజ్ తీసుకుంటారు. పేరులో ఈఎక్స్ ఉన్నదాన్ని (బాగా బలమైన రకం) పడగొడితే రెండు, కొత్తగా వచ్చిన మెగా ఈఎక్స్ అయితే మూడు.

ఎవరి ప్రైజ్‌లు? తమవే. ఎదుటివారివి కాదు! ఎదుటివారి కార్డులు గెలుచుకుని ఇంటికి పట్టుకుపోయే ఆట కాదని పిల్లలకు మొదటి రోజే చెప్పండి. మా సెల్లార్లో రెండు కుటుంబాలు నాలుగు రోజులు మాట్లాడుకోకపోవడానికి ఇదే కారణం.

గెలుపు మూడు రకాలు: ఆరు ప్రైజ్‌లూ తీసుకోవడం, ఎదుటివారికి బల్ల మీద ఒక్క పోకెమాన్ కూడా లేకుండా చేయడం, వంతు మొదట్లో తీయడానికి వాళ్ల డెక్‌లో కార్డు లేకపోవడం. కొత్తవాళ్లు ఓడేది ఎక్కువగా రెండో దారిలో. యాక్టివ్ ఒక్కదాన్నే నిలబెట్టి, బెంచ్ ఖాళీగా వదిలేస్తారు. రెండో వంతుకే ఆట ఖతం. నెస్ట్ బాల్ లాంటి కార్డు ఉంటే మొదటి వంతులోనే వాడి బెంచ్ మీదకు ఇంకొకటి తెచ్చుకోండి.

7. అవే రెండు డెక్‌లతో పది ఆటలు

కొత్తవి కొనకండి. ఐదు ఆటలయ్యాక డెక్‌లు మార్చుకోండి. ప్రతి ఆట తర్వాత నోటుబుక్కులో ఒక్క వాక్యం: ఎందుకు ఓడాను? "బెంచ్ ఖాళీ." "ఎనర్జీ రాలేదు." "ఈఎక్స్‌ని దెబ్బలతోనే ముందు వదిలేశా." వరసగా మూడుసార్లు "లక్కు లేదు" అని రాశారంటే మీరు ఆటను గమనించడం లేదని అర్థం. ఒక ఆట చేతులు తెరిచి, కార్డులు ఇద్దరికీ కనబడేలా పెట్టుకుని ఆడండి.

వచ్చిందో లేదో ఇలా తేల్చుకోండి: చీటీ చూడకుండా వంతు వరస పైకి చెప్పగలగాలి. ఆట మధ్యలో ఎక్కడ ఆపినా చెయ్యి, డెక్, ప్రైజ్‌లు, బల్ల మీదివి, పారేసినవి కలిపి 60 రావాలి. డెక్‌లో వెతికే కార్డు మొదటిసారి వాడినప్పుడు, ముఖ్యమైనది ఏది కనిపించడం లేదో, అంటే ఏది ప్రైజ్‌ల్లో ఇరుక్కుందో చెప్పగలగాలి. ఈ మూడోది మాకు రెండు నెలలు పట్టింది.

ఆడే చోటు గురించి ఒక మాట. ఆర్కే బీచ్‌లో ఆడదామని వెళ్ళకండి, గాలి సంగతి అటుంచి, మురీ మిక్స్చర్ తిన్న చేతులు. అరకు రైల్లో ప్రయత్నించాం. సొరంగం వచ్చినప్పుడల్లా పెట్టెంతా కేకలు, చీకట్లో పిక్కలన్నీ సీటు కింద.

8. అప్పుడు డెక్ మార్చండి, కొంచెం కొంచెంగా

ముఖ్యమైన నియమాలు రెండు: సరిగ్గా 60 కార్డులు, ఒకే పేరున్నవి 4కి మించకూడదు. బేసిక్ ఎనర్జీకి మాత్రం ఈ నాలుగు పరిమితి లేదు. దాంతో కొత్తవాళ్లు పాతిక ఎనర్జీలు కుక్కుతారు. వంతుకి ఒక్కటే తగిలించగలిగినప్పుడు చేతిలో ఐదుండి ఏం లాభం? 12 దగ్గర మొదలుపెట్టి, నోటుబుక్కు చెప్పినదాన్ని బట్టి ఒకటో రెండో పెంచుకోండి, తగ్గించుకోండి.

బేసిక్ పోకెమాన్‌లు తక్కువైతే ఏమవుతుందో లెక్క వేసి చూశాను. డెక్‌లో 4 బేసిక్‌లే ఉంటే మొదటి ఏడింటిలో ఒక్కటీ రాకపోవడం నూటికి 60 సార్లు. 8 ఉంటే దాదాపు 35 సార్లు. 12 ఉంటే 19. మా వాడు తన ముద్దుల స్టేజ్ 2లు నాలుగు రకాలు పెట్టి, బేసిక్‌లు ఐదు పెట్టి, "అమ్మా నాకెప్పుడూ రావు" అని ఏడ్చేవాడు.

ఒకేసారి రెండు, మహా అయితే నాలుగు కార్డులు మార్చండి. ఐదు ఆటలాడి చూడండి. పది మార్చేస్తే ఏది పనిచేసిందో తెలీదు. కావలసిన కార్డులు విడిగా కొనుక్కోండి, ప్యాకెట్లు చించి వెతుక్కోవడం కన్నా చవక.

9. మన ఊరి గాలి నుంచి కాపాడుకోండి

బీచ్ రోడ్డు వైపు ఇళ్లయితే ఇది మరీ ముఖ్యం. మెరిసే కార్డులో రేకు పొర చెమ్మ పీల్చదు, అట్ట పీలుస్తుంది. అందుకే అప్పడంలా వంగిపోతుంది. స్లీవ్ వేసి, గట్టి మూతున్న స్టీలు డబ్బాలోనో ప్లాస్టిక్ డబ్బాలోనో, చెప్పుల పెట్టెల్లో వచ్చే సిలికా జెల్ పొట్లం ఒకటి పడేసి పెట్టండి. ఒక్కటి చాలు. నేను ఆరు వేస్తే కార్డులు ఎదురు దిశలో వంగాయి. రబ్బరు బ్యాండు వేయకండి, వానాకాలంలో కరిగి అంచులకు అంటుకుంటుంది. వంగిన కార్డు మీద ఇస్త్రీ పెట్టే ఆలోచన వస్తే డబ్బా మూసేసి బయట తిరిగి రండి.

10. బయటివాళ్లతో ఆడేముందు

కార్డు అడుగున ఎడమ పక్క చిన్న ఇంగ్లిష్ అక్షరం ఉంటుంది. 'స్టాండర్డ్' పోటీల్లో ఏయే అక్షరాలు చెల్లుతాయో కంపెనీ ఎప్పటికప్పుడు మారుస్తుంది, పాతవి తప్పుకుంటాయి. పోటీకి వెళ్ళేముందు పోకెమాన్ అధికారిక సైట్‌లో ఆ జాబితా చూసుకోండి. పోటీలు ఎక్కడ జరుగుతున్నాయో వెతుక్కునే ఈవెంట్ లొకేటర్ కూడా అక్కడే ఉంది. మన దగ్గర పక్క బ్లాకు పిల్లలు, ఆఫీసులో ఇద్దరు ముగ్గురు కలిస్తే ఆదివారం మధ్యాహ్నానికి అదే పోటీ. మేం సెల్లార్లో రెండు ప్లాస్టిక్ బల్లలు వేసుకుంటాం.

అక్కడ మూడు కట్టుబాట్లు పెట్టుకున్నాం, మీరూ పెట్టుకోండి. డబ్బు పందెం లేదు. పదేళ్లలోపు పిల్లలు కార్డులు మార్చుకోవాలంటే రెండు వైపులా పెద్దవాళ్లు చూడాలి. స్లీవ్‌లన్నీ ఒకే రంగువి, చిరగనివి అయి ఉండాలి, మూల నలిగిన స్లీవ్ వెనక నుంచే ఏ కార్డో చెప్పేస్తుంది. మూడోది పెట్టించింది మావయ్యగారే. మా వాడి ప్రొఫెసర్స్ రీసెర్చ్ ఎప్పుడొస్తుందో ఆయనకు రెండు వారాలుగా తెలుస్తోందట, గెలుస్తున్నన్నాళ్లూ చెప్పలేదు.